పడమటి వీధి గ్లాసులు

2001 ఆగస్టు 1, బుధవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఎర్రచెలిమి గ్రామంలో, హనుమంతప్ప వేరుశనగ చేనులో ఒక స్టీలు గ్లాసు బయటపడింది. అంచు నేలకు సమంగా ఉండేలా దాన్ని పాతిపెట్టారు. లోపల సబ్బు నీళ్ళు, చచ్చిన చీమలు, రెండు పేడపురుగులు ఉన్నాయి. గ్లాసు మీద "సోమప్ప గృహప్రవేశం, 1995" అని చెక్కి ఉంది. సర్పంచ్ ఎన్నికకు ఇంకా పదమూడు రోజులు ఉంది. హనుమంతప్ప ఒక అభ్యర్థి. సోమప్ప రెండో అభ్యర్థి. మూడోవారు లేరు.

గ్లాసును పాతింది వీళ్ళిద్దరిలో ఎవరూ కాదు. అనంతపురంలో ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడు చదువుతున్న అరుణజ్యోతి పాతింది. ఆమెది ధర్మవరం. తండ్రి నాగేశ్వర పట్టుచీరలు నేస్తాడు. ఎకాలజీ పేపరు కింద ఆమె ఒక ప్రాజెక్టు చేయాలి. చేనులో, గట్టు మీద, బీడులో నేలమీద తిరిగే పురుగులు ఎన్ని రకాలు, ఏ రకం ఎన్ని అన్నది విషయం. పద్ధతి సులువు. గ్లాసును అంచుదాకా పాతి, సబ్బు, ఉప్పు కలిపిన నీళ్ళు సగానికి పోయాలి. రాత్రి తిరిగే పురుగు అందులో పడుతుంది, పైకి రాలేదు. ఏడు రాత్రుల తర్వాత తీసి లెక్కపెట్టాలి.

గైడు డాక్టర్ నారాయణ ఆమెకు మూడు నియమాలు చెప్పారు. ఏడు రాత్రులూ గ్లాసు కదలకూడదు. లెక్క ఇద్దరు మనుషులు విడివిడిగా పెట్టాలి. సామగ్రి ఎక్కడినుంచి వచ్చిందో దాచకుండా పుస్తకంలో రాయాలి. జూన్‌లో ఆమె ఒకసారి ప్రయత్నించింది. అప్పుడు ప్లాస్టిక్ గ్లాసులు వాడింది. ఎండకు కొన్ని పగిలాయి. మిగిలినవి మేకలు నమిలాయి.

"రిపోర్టు ఆగస్టు పదమూడుకల్లా బైండింగ్ అయ్యి నా టేబుల్ మీద ఉండాలి. ఇరవైన వైవా. ఈసారి కూడా మేకలు తిన్నాయని వస్తే వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చుంటావు" అన్నారు నారాయణ.

అరుణజ్యోతి స్కాలర్‌షిప్పు రెండేళ్ళకే. ఆ రెండేళ్ళు ఆగస్టుతో అయిపోతాయి. మూడో ఏడు చదవడానికి ఆమె దగ్గర మార్గం లేదు.

స్టీలు గ్లాసులు హనుమంతప్ప భార్య నాగలక్ష్మమ్మ ఇచ్చింది. ఆమె కూతురి పెళ్ళి చీరలు నాగేశ్వర మగ్గం మీద నేసినవే. ఆ పరిచయంతో అరుణజ్యోతి చేను అడగడానికి వెళ్ళింది. హనుమంతప్ప ప్రచారానికి బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూనే "పెట్టుకో పాపా, ఏం పెట్టుకుంటావో" అన్నాడు. గ్లాసులు కావాలని ఆమె నాగలక్ష్మమ్మను అడిగింది. నాగలక్ష్మమ్మ నిచ్చెన వేసి అటక మీదినుంచి గోనెపట్టా మూట దింపింది. ఇరవై గ్లాసులు చాలని సార్ చెప్పారు. మూటలో ఇరవై నాలుగు ఉన్నాయి. అరుణజ్యోతి ఇరవై నాలుగూ పాతింది. ఒక్కో గ్లాసు పక్కన వెదురు పుల్ల గుచ్చి, దానికి రేకు ముక్క కట్టి, ఎర్ర పెయింటుతో ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా నంబర్లు వేసింది. అది జూలై 27, శుక్రవారం. ఆగస్టు 3న తీయాలి.

బుధవారం నాటి పని చిన్నది. ఎండకు, గాలికి గ్లాసుల్లో నీళ్ళు తగ్గుతాయి. ఏడు గంటల బస్సుకు దిగి, పది లీటర్ల క్యాను మోసుకెళ్ళి, తగ్గినంత పోసి, పది గంటల బస్సుకు తిరిగి పోవాలి.

ఆరు పదికి బయటపడిన గ్లాసును పడమటి వీధి చెన్నమ్మ చూసింది. ఆమె మేక కాలు పదకొండో నంబరు గ్లాసులో ఇరుక్కుంది. చెన్నమ్మ మేక కాలు లాగింది, తర్వాత గ్లాసు లాగింది, నీళ్ళు పారబోసి కొంగుతో తుడిచింది. దాని మీది అక్షరాలు చదవడం ఆమెకు రాదు. ఆ గ్లాసును మాత్రం ఆమె ఆరేళ్ళుగా ఎరుగును. తూర్పు వీధిలో ఆమె వదిన ఆంజినమ్మ ఇంట్లో అలాంటిది ఒకటి ఉంది. చెన్నమ్మ వెళ్ళినప్పుడల్లా ఆంజినమ్మ నీళ్ళు ఆ గ్లాసులోనే ఇస్తుంది. ఇచ్చి, "మీకు రాలేదు కదా ఇది" అంటుంది.

1995లో సోమప్ప సర్పంచ్‌గా పోటీ చేసినప్పుడు ఊళ్ళో ఇంటికో గ్లాసు పంచాడు. ఓటుకని కాదు, గృహప్రవేశానికని చెప్పాడు. గృహప్రవేశం పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు జరిగింది. ఇంటికి అప్పటికి పైకప్పు పడలేదు. గ్లాసులు తూర్పు వీధిలో, నడి వీధిలో అన్ని ఇళ్ళకూ అందాయి. పడమటి వీధిలో ఒక్క ఇంటికీ అందలేదు. సోమప్ప పదిహేడు ఓట్లతో ఓడిపోయాడు. గ్లాసు తీసుకుని ఓటు వేయలేదని ఆయన పడమటి వీధి మీద కోపం పెట్టుకున్నాడు. గ్లాసు ఇవ్వకుండా ఓటు అడిగాడని పడమటి వీధి ఆయన మీద కోపం పెట్టుకుంది. ఆరేళ్ళలో ఈ రెండు కోపాలూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. సోమప్ప ఆ వీధిలో అడుగుపెట్టడం మానేశాడు.

చెన్నమ్మ చుట్టూ చూసింది. పుల్లలు, రేకు ముక్కలు, నంబర్లు కనిపించాయి. అక్షరాలు రాకపోయినా ఏడు అంకె ఆమెకు తెలుసు. ఆమె ఇంటి గుమ్మం మీద, రేషన్ కార్డు మీద అదే అంకె ఉంది. పడమటి వీధిలో ఇళ్ళు ఇరవై నాలుగు. చెన్నమ్మ పదకొండో గ్లాసును దాని పుల్ల దగ్గరే పెట్టి, ఏడో పుల్ల దగ్గర తవ్వి, తన గ్లాసు తీసుకుని, నీళ్ళు పారబోసి, మేకను తోలుకుని వీధిలోకి పోయింది.

"మన గ్లాసులు వచ్చినాయి. ఇంటి నంబర్లేసి పెట్టినారు. హనుమంతప్ప చేన్లో ఉండాయి. ఎవురిది వాళ్ళు తెచ్చుకోండి" అని ఆమె చెప్పింది.

ఏడు ఇరవైకి అరుణజ్యోతి క్యానుతో చేను గట్టు ఎక్కేసరికి పడమటి వీధి ఆడవాళ్ళు చేనులో ఉన్నారు. ఎవరి పుల్ల దగ్గర వారు కూర్చుని తవ్వుతున్నారు. తోపులాట లేదు. రెండో నంబరు ఇంటామె గ్లాసు కారుతుందేమో చూద్దామని నీళ్ళు వంపేసింది. మిగతావాళ్ళు ఇంకా వంపలేదు.

"అక్కా, ముట్టుకోవద్దక్కా. అవి నావి" అన్నది అరుణజ్యోతి.

పంతొమ్మిదో నంబరు ఇంటి రామసుబ్బమ్మ తల ఎత్తి చూసింది. ఆ వీధిలో వయసులో పెద్దది ఆమే. "నీవెట్లయితాయి పాపా? నీది ఏ నంబరు ఇల్లు?"

"ఇల్లు కాదవ్వా. పరీక్షకు పెట్టినా. పురుగులు పట్టేదానికి."

"పురుగులు పట్టేదానికి స్టీలు గ్లాసులా? మాకు తాగేదానికే లేవు."

"అందులో పడినవి పోతే నాకు ఏడాది పోతుందవ్వా. పారబోయొద్దు, నీకు దండం పెడతా."

రామసుబ్బమ్మ గ్లాసులోకి తొంగి చూసింది. చీమలు, ఒక కీచురాయి, పేరు తెలియని నల్ల పురుగు కనిపించాయి. ఆమె కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది.

"గ్లాసు మాది. పురుగులు నీవి. సీసాలుంటే తీ, పోసిస్తాము."

అరుణజ్యోతి సంచిలో నాలుగు సీసాలున్నాయి. మిగతావి శుక్రవారానికని హాస్టల్లో పెట్టింది. పదిహేనో నంబరు ఇంటామె కొడుకును సీసాల కోసం ఊళ్ళోకి పంపారు. వాడు వచ్చేదాకా ఎవరూ వంపకూడదని రామసుబ్బమ్మ చెప్పింది. ఇరవై ఒక్కమంది ఆడవాళ్ళు గ్లాసులు రెండు చేతులా పట్టుకుని, నంబర్ల వరసలో గట్టు మీద నిలబడ్డారు.

హనుమంతప్ప ఏడు నలభై ఐదుకు వచ్చాడు. వరసగా నిలబడిన పడమటి వీధిని చూశాడు. గ్లాసులను చూశాడు.

ఆయన ఆందోళనకు కారణం ఉంది. 1995లో ఆయన సోమప్ప మనిషి. గ్లాసులు పంచే పని ఆయనదే. ఈసారి సోమప్ప నుంచి విడిపోయి తనే పోటీ చేస్తున్నాడు. పడమటి వీధిలో ఆయన ప్రచారం ఒకే మాట మీద నడుస్తోంది. ముందురోజు సాయంత్రం కూడా ఆ మాట చెప్పాడు: "ఊరంతా పంచి మీకు ఒక గ్లాసు కూడా ఇయ్యని మనిషమ్మా సోమప్ప."

"ఏమన్నా, ఈ గ్లాసులు నీ చేన్లో ఎందుకుండాయి?" అని చెన్నమ్మ అడిగింది.

"అవి నావే. అంగట్లో కొన్నా" అన్నాడు హనుమంతప్ప.

"సోమప్ప పేరు రాసినవి కొన్నావా?"

"ఆయప్ప పేరుండాదా? అట్లయితే ఆయప్పే పాతింటాడు. నా మీద కుట్ర."

"ఈ పాప తనవంటాంది."

హనుమంతప్ప అరుణజ్యోతి పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "పాపా, అనంతపురంలో కొన్నానని చెప్పు. ఒక్క మాట. వీళ్ళను నేను పంపించేస్తా. నీ గ్లాసులు మళ్ళా పాతుకో. ఇంకో నెల పెట్టుకున్నా అడగను."

అరుణజ్యోతి ఇరవై ఒక్క గ్లాసులను చూసింది. తర్వాత "నేనే కొన్నానక్కా, అనంతపురంలో" అన్నది.

సోమప్ప మోటారు సైకిలు అప్పుడే గట్టు దగ్గర ఆగింది. తన పేరున్న గ్లాసులు హనుమంతప్ప చేనులో మొలిచాయని ఎవరో చెబితే వచ్చాడు. ఆయన బండి దిగి, గ్లాసు చూసి, పేరు చూసి, క్యాను మీద పెట్టి ఉన్న నోటుపుస్తకం తీసుకున్నాడు. మొదటి పేజీ పైకి చదివాడు.

"సామగ్రి. స్టీలు గ్లాసులు, ఇరవై నాలుగు. వాడనివి. ఇచ్చినవారు శ్రీమతి నాగలక్ష్మమ్మ, ఎర్రచెలిమి. హనుమంతప్ప గారి అటక మీది మూట నుంచి."

అరుణజ్యోతి తల దించుకుంది. "సార్ దాచకుండా రాయమన్నారు" అన్నది.

ఇరవై నాలుగు ఇళ్ళు, ఇరవై నాలుగు గ్లాసులు అన్న సంగతి అందరికీ ఒకేసారి అర్థమైంది. నాగలక్ష్మమ్మ కూడా అప్పటికి వచ్చింది. ఆమెను ఎవరూ అడగకముందే చెప్పింది.

"ఆరేండ్లు అటక మీద పెట్టినాడు. వాడుకుందామంటే వద్దనె. ఎవురికన్నా ఇచ్చేద్దామంటే వద్దనె. చదువుకునే బిడ్డ అడిగింది, ఇచ్చినా. నాకేం తెలుసు, అవి ఎవురివో."

"ఆ వీధి ఓట్లు ఎట్లా రావని అనుకున్నా. దండగెందుకని పెట్టినా" అన్నాడు హనుమంతప్ప. ఆ ఉదయం ఆయన చెప్పిన వాటిలో ఇది నాలుగోది. నిజమైనవాటిలో మొదటిది.

ఆయన గొంతు ఎండిపోయింది. "నీళ్ళు" అని పక్కనున్న రామసుబ్బమ్మ చేతిలోని పంతొమ్మిదో గ్లాసు లాక్కున్నాడు. ఎప్పుడూ ఎత్తి పోసుకునే మనిషి ఆ తొందరలో అంచు నోటికి పెట్టుకున్నాడు. సగం తాగాక ఆగాడు.

"పురుగులు పోయె" అన్నది అరుణజ్యోతి.

హనుమంతప్ప గట్టు కిందికి పోయి ఉమ్ముతున్నంతసేపూ సోమప్ప పడమటి వీధి ముందు నిలబడి ఉన్నాడు. అంత దగ్గరగా ఆయన ఆ వీధివాళ్ళ ముందు నిలబడి ఆరేళ్ళయింది.

"మీరు తీసుకొని ఓటెయ్యలేదనుకున్నా. మీ ఇండ్లలో పెండ్లిండ్లకు కూడా రాలేదు నేను" అన్నాడు.

"నువ్వొస్తే ఏడ కూర్చోబెడతామని మేమూ పిలవలేదు లే" అన్నది రామసుబ్బమ్మ.

"అవి మీవి. అప్పుటివే. తీసుకపోండి."

చెన్నమ్మ కోసం వెతుక్కుంటూ వచ్చిన ఆంజినమ్మ ఈ మాట విన్నది. తూర్పు వీధి నుంచి ఆమెతో ఇంకో నలుగురు వచ్చారు. ఆంజినమ్మ చెన్నమ్మ చేతిలోని గ్లాసు తీసుకుని ఎండకు పట్టి చూసింది. ఆరేళ్ళు మూటలో ఉన్న గ్లాసు మీద గీత కూడా లేదు.

"మాకిచ్చినవి నల్లగయిపోయినాయి. వీళ్ళకు కొత్తవి తెప్పించినాడు" అని పక్కవాళ్ళతో అన్నది. ఆ పక్కవాళ్ళు తూర్పు వీధిలోకి పోయి అదే చెప్పారు.

హనుమంతప్ప గట్టు కిందినుంచి సోమప్ప మాట విన్నాడు. నోరు కడుక్కోకుండానే ఊళ్ళోని ఎస్టీడీ బూత్‌కు పోయి మండల కార్యాలయానికి ఫోను చేశాడు. పోలింగ్‌కు పదమూడు రోజులుందనగా సోమప్ప అనే అభ్యర్థి తన కళ్ళ ముందే ఓటర్లకు స్టీలు గ్లాసులు పంచుతున్నాడని ఫిర్యాదు చేశాడు. తొమ్మిదిన్నరకు ఎన్నికల స్క్వాడ్ జీపు వచ్చింది. అందులో సూపరింటెండెంట్ వనజాక్షి, ఒక గుమస్తా, లక్క, కొవ్వొత్తి, పంచనామా కాగితాలు ఉన్నాయి.

"ఎవరూ కదలొద్దు. ఎవరి చేతిలో ఏముందో అట్లే పట్టుకోండి" అన్నది వనజాక్షి.

"రెండు గంటల నుంచి అట్లే పట్టుకున్నాం మేడం" అన్నది పదిహేనో నంబరు ఇంటామె. సీసాల కోసం పోయిన ఆమె కొడుకు ఇంకా రాలేదు.

వనజాక్షి మొదటి గ్లాసు తీసుకుంది. కాగితం మీద రెండు గడులున్నాయి. ఒకటి వస్తువు వివరం. రెండోది లోపల ఉన్నది, సంఖ్యతో సహా. గుమస్తా "పురుగులు, కొన్ని" అని రాయబోయాడు.

"కొన్ని అని రాయకు" అన్నది వనజాక్షి. జూలైలో ఇంకో ఊళ్ళో పట్టుకున్న సారా సీసాలను ఆమె "కొన్ని" అని రాసింది. దానికి మెమో వచ్చింది. మెమో ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది. "ఎన్ని చీమలు, ఎన్ని పురుగులు, ఏ పురుగు. సంఖ్య కావాలి. ఎవరు లెక్కపెడతారు?"

చేనులో అందరూ అరుణజ్యోతి వైపు చూశారు.

జీపు నీడలో గోనెపట్టా పరిచారు. అరుణజ్యోతి సంచిలోంచి తెల్ల పళ్ళెం, సన్న పట్టకారు తీసింది. ఒక్కో గ్లాసు పళ్ళెంలో వంచి, లెక్కపెట్టి, మళ్ళీ గ్లాసులో పోయాలి. ఇద్దరు అభ్యర్థులూ సాక్షులుగా చెరో పక్క కూర్చుని ప్రతి అంకె కిందా సంతకం పెట్టాలని వనజాక్షి చెప్పింది. ఎండలో కూర్చోలేమని ఇద్దరూ అన్నారు. సంతకం పెట్టకపోతే నేరం ఒప్పుకున్నట్టు రాస్తానని వనజాక్షి చెప్పాక కూర్చున్నారు.

మొదటి గ్లాసులోని చీమకు అరుణజ్యోతి ఏదో లాటిన్ పేరు చెప్పింది. గుమస్తా పెన్ను ఆపాడు.

"ఇది తెలుగు పంచనామా" అన్నది వనజాక్షి.

"గండుచీమ" అన్నది రామసుబ్బమ్మ వరసలోంచి. "ఆ పక్కది కొండిచీమ. అది కుడితే నా మనవడు రెండు దినాలు బడికి పోలేదు." అక్కడినుంచి పేర్లు వరసలోంచే వచ్చాయి. ఒక పెంకుపురుగు విషయంలో నాలుగో ఇల్లు, పన్నెండో ఇల్లు ఒప్పుకోలేదు. రెండు పేర్లూ రాశారు.

నాలుగో గ్లాసు దగ్గర పని నెమ్మదించింది. చీమలు అరవై ఒకటి అని సోమప్ప అన్నాడు. సోమప్ప అరవై ఒకటి అంటున్నాడంటే ఏదో ఉందని హనుమంతప్ప తనూ లెక్కపెట్టాడు. అరవై రెండు వచ్చాయి.

"ఏమప్పా, నీ లెక్కలో ఎప్పుడూ ఒకటి తక్కువే" అన్నాడు.

"నీ లెక్కలో ఎప్పుడూ ఇరవై నాలుగు తక్కువ" అన్నాడు సోమప్ప.

మళ్ళీ లెక్కపెట్టారు. అరవై రెండే. పట్టకారు కొనకు ఒక చీమ అంటుకుని ఉంది. అప్పటినుంచి ప్రతి గ్లాసునూ ఒకరి తర్వాత ఒకరు విడిగా లెక్కపెట్టారు. ఒకరి సంఖ్య ఇంకొకరికి వినబడకుండా గుమస్తా చెవిలో చెప్పారు. రెండూ కలిసేదాకా వనజాక్షి గ్లాసు వదల్లేదు. తొమ్మిదో గ్లాసును అయిదుసార్లు లెక్కపెట్టారు. పదిహేనో గ్లాసు అడుగున తేలు ఉంది. ఉదయం నుంచి దాన్ని పట్టుకుని నిలబడ్డ ఆమె అక్కడే కూర్చుండిపోయింది. తేలు ఒకటే కాబట్టి అభ్యర్థులు ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

పంతొమ్మిదో గ్లాసు దగ్గర వనజాక్షి ఆగింది. "ఇందులో సగమే ఉంది."

సోమప్ప హనుమంతప్ప వైపు చూశాడు. "మిగతాది సాక్షి దగ్గర ఉండాది మేడం."

పంచనామాలో ఇలా రాశారు: "గ్లాసు నం. 19. ద్రవం సగం. గండుచీమలు పన్నెండు, కీచురాయి కాళ్ళు రెండు. మిగిలిన ద్రవమును, అందులోని వాటిని అభ్యర్థి హనుమంతప్ప ఉదయం సుమారు ఎనిమిది గంటలకు తాగినారు." హనుమంతప్ప సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం మూడు నలభైకి లెక్క ముగిసింది. ఖాళీ చేసినవి మూడు, రెండో నంబరు, ఏడు, పదకొండు. మిగిలినవి ఇరవై ఒకటి. అన్నిటికీ గుడ్డ కట్టి, లక్క కరిగించి సీలు వేశారు. గ్లాసులు ఎవరివని వనజాక్షి అడిగింది. నావి కావని హనుమంతప్ప అన్నాడు. నావి అంటే 1995 సంగతి కూడా రాస్తారేమోనని సోమప్ప కూడా నావి కావన్నాడు. గుమస్తా చివరి పేజీలోని స్వాధీనం గడిలో "విద్యార్థిని అరుణజ్యోతి స్వాధీనంలోనివి" అని రాశాడు. ఖాళీవాటితో కలిపి ఇరవై నాలుగు గ్లాసులూ జీపులో మండల కార్యాలయానికి వెళ్ళాయి. సీసాల కోసం పోయిన పిల్లవాడు మూడు యాభైకి ఆరు సీసాలతో వచ్చాడు.

మరునాడు అరుణజ్యోతి నారాయణ సార్‌కు జరిగింది చెప్పింది. ఆయన మొత్తం విన్నారు.

"ఏడు రాత్రులు అన్నాను" అన్నారు.

"ఐదే అయినాయి సార్."

"పురుగులు ఎక్కడున్నాయి?"

"మండల కార్యాలయంలో సార్. సీలు వేసినారు. పోలింగ్ అయ్యేదాకా ఇయ్యరంట."

"లెక్క?"

"పంచనామాలో ఉంది సార్."

"అయితే పంచనామా తీసుకురా."

ఆమె అర్జీ పెట్టింది. నకలు ఆగస్టు 9న ఇచ్చారు. పదకొండు పేజీలు. ప్రతి పేజీకీ గుండ్రటి సీలు, వనజాక్షి సంతకం, ఇద్దరు అభ్యర్థుల సంతకాలు, అయిదుగురి వేలిముద్రలు ఉన్నాయి. ఆమె దాన్ని అనుబంధంగా జతచేసి, తెలుగు పేర్ల పక్కన లాటిన్ పేర్లు రాసి, 13వ తేదీ ఉదయం బైండింగ్ చేయించి ఇచ్చింది. గ్లాసుల గురించి చేనులో తాను మొదట అబద్ధం చెప్పిన సంగతి కూడా పద్ధతి అన్న అధ్యాయంలో ఒక వాక్యంగా రాసింది.

14న పోలింగ్ జరిగింది. పడమటి వీధి సోమప్పకు వేసింది. కొత్త గ్లాసులు పడమటి వీధికే ఇచ్చాడని తూర్పు వీధి హనుమంతప్పకు వేసింది. తూర్పు వీధి పెద్దది. సోమప్ప పదిహేడు ఓట్లతో ఓడిపోయాడు.

20న వైవా. ఎక్స్‌టర్నల్ పరీక్షకుడు వేరే జిల్లా నుంచి వచ్చారు. ఆయన రిపోర్టు తిప్పుతూ అనుబంధం దగ్గర ఆగారు.

"ఐదు రాత్రులకే ఎందుకు ఆపారు?"

"ఎన్నికల స్క్వాడ్ సీజ్ చేసింది సార్."

"రెండోసారి లెక్కపెట్టింది ఎవరు?"

"సర్పంచ్ అభ్యర్థులు సార్. ఎదురెదురుగా పోటీ చేసినవాళ్ళు. ఇద్దరూ ఒప్పుకున్న సంఖ్యే రాసినాము."

ఆయన నాలుగో గ్లాసు పేజీ చూశారు. తొమ్మిదో గ్లాసు పేజీ చూశారు. కొట్టివేసిన అంకెలు, వాటి పక్కన రెండేసి సంతకాలు ఉన్నాయి. నారాయణ సార్ వైపు తిరిగి, "మా డిపార్ట్‌మెంట్‌లో రెండో లెక్క ఎవరూ పెట్టరు. మొదటిదాన్నే చూసి రాస్తారు" అన్నారు. తర్వాత పంతొమ్మిదో గ్లాసు పేజీ రెండుసార్లు చదివారు.

"ఇది?"

"అది అభ్యర్థి తాగిన నమూనా సార్. విశ్లేషణలో కలపలేదు."

"సరైన నిర్ణయం" అన్నారు ఆయన. నూటికి ఎనభై నాలుగు వేశారు.

ఫిర్యాదు మీద ముందుకు పోవడానికి గెలిచినవారికీ ఓడినవారికీ ఆసక్తి లేకపోయింది. అక్టోబరులో గ్లాసులు తీసుకుపొమ్మని మండల కార్యాలయం నుంచి అరుణజ్యోతికి కార్డు వచ్చింది. స్వాధీనం గడిలో ఆమె పేరే ఉంది. ఆమె పురుగులను సీసాల్లోకి మార్చి డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చింది. గ్లాసులు కడిగి, మూట కట్టి, ఏడు గంటల బస్సుకు ఎర్రచెలిమిలో దిగి, పడమటి వీధిలో నంబరు ప్రకారం ఇంటింటికీ ఇచ్చింది. చెన్నమ్మ తన గ్లాసు అందుకుని, వదినను మధ్యాహ్నం రమ్మని కబురు పంపింది.

ఇరవై మూడు ఇళ్ళవాళ్ళు తీసుకున్నారు. పంతొమ్మిదో నంబరు ఇంట్లో రామసుబ్బమ్మ గ్లాసును చేత్తో ముట్టుకోలేదు.

"కడిగినానవ్వా. మూడుసార్లు" అన్నది అరుణజ్యోతి.

"ఎన్నిసార్లు కడిగితే ఏం పాపా. సర్పంచ్ ఎంగిలి మాకొద్దు."

ఆ గ్లాసు ఇప్పుడు డిపార్ట్‌మెంట్‌లో నారాయణ సార్ టేబుల్ మీద ఉంది. ఆయన అందులో పెన్సిళ్ళు పెట్టుకుంటున్నారు.